పావురాలు తిన్న గీత

గున్నమ్మ ఏ గీత మొదలుపెట్టినా ముందు పిడికెడు సున్నం తీసుకుంటుంది. అందులోంచి చిటికెడు మళ్ళీ డబ్బాలో వేస్తుంది. ఆ తర్వాతే వంగుతుంది.

బియ్యం కొలిచేటప్పుడు ఆడవాళ్ళు నాలుగు గింజలు అలా వెనక్కి వేస్తారు, డబ్బా నిండుకోకూడదని. సున్నం నిండుకుంటే క్లబ్బువాళ్ళు ఇంకో బస్తా తెప్పిస్తారు. అయినా వేస్తుంది. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆమె గీతలు గీసే వేళకి మైదానంలో అడిగేవాళ్ళు ఉండరు.

భిలాయిని ఆనుకుని ఉన్న రిసాలిలో నవచేతన్ స్పోర్ట్స్ క్లబ్బు స్టేడియం అది. అన్ని పనులకూ పనికొచ్చే క్రీడాస్థలం అని గేటు మీద హిందీలో పెద్ద అక్షరాలతో రాయించారు. రాసినదాంట్లో అబద్ధం లేదు. పొద్దున్నే రిటైరైనవాళ్ళు నడుస్తారు. పోలీసు ఉద్యోగాలకి తయారయ్యే పిల్లలు పరుగులు తీస్తారు. కారు నేర్చుకునేవాళ్ళు కార్నర్ జెండా చుట్టూ తిరుగుతారు, అప్పుడప్పుడు దాని మీంచి పోతారు. పెళ్ళిళ్ళవుతాయి. ఎన్నికల సభలవుతాయి. దసరాకి రావణుడు అక్కడే తగలబడతాడు. మే నెలలో చుట్టుపక్కల తెలుగు ఆడవాళ్ళు గ్యాలరీ మెట్ల మీద చీరలు పరిచి వడియాలు పెడతారు. పై మెట్లు గుమ్మడి వడియాలకి, కింది మెట్లు మిరపకాయలకి. కాకుల్ని తోలడానికి కర్రలు పట్టుకుని నీడలో కూర్చుంటారు. మధ్యలో ఎప్పుడైనా ఫుట్‌బాల్ కూడా ఆడతారు.

మైదానం చూసుకునే పని గున్నమ్మ భర్త బలరాంది. పేరు అతనిది. పని ఆమెది. ఒక దసరాకి రావణుడి తల పైకెత్తబోతే బలరాం నడుం పట్టేసింది. రావణుడు ఆ సాయంత్రమే కాలిపోయాడు. నడుం మాత్రం అలాగే ఉండిపోయింది. అప్పట్నుంచి గున్నమ్మ తెల్లారకముందే లేచి, తాడు పట్టుకుని, గీతలన్నీ గీసేసి, నడిచేవాళ్ళు వచ్చే వేళకి గ్యాలరీ కింద ఉన్న తమ గదిలోకి వెళ్ళిపోతుంది. కాస్త పొద్దెక్కాక బలరాం ఖాళీ డబ్బా పట్టుకుని బయటికొచ్చి కుర్చీలో కూర్చుంటాడు.

"గీత భలే తిన్నగా ఉందోయ్ బలరాం" అంటారు నడిచేవాళ్ళు.

"అలవాటైపోయింది బాబూ" అంటాడు బలరాం.

ఆ మాట గదిలోకి వినిపిస్తుంది. గున్నమ్మ చేతులకి కొబ్బరినూనె రాసుకుంటూ వింటుంది. సున్నానికి ఆమె వేళ్ళ సందులు ఎప్పుడూ పగిలే ఉంటాయి.

వచ్చే ఎండాకాలానికి బలరాంకి అరవై నిండుతాయి. అరవై నిండితే పని పోతుంది. పనితో పాటు గది పోతుంది. పని ఏదో కాంట్రాక్టరుకి ఇచ్చేయాలని కమిటీలో కొందరి ఆలోచన. గున్నమ్మకి కావలసింది ఒక్కటే. ఆ పని తన పేరు మీదికి రావాలి.

క్లబ్బు సెక్రటరీ లక్ష్మీప్రసాద్ విజయనగరం నుంచి వచ్చిన కుటుంబంవాడు. ఉక్కు కర్మాగారంలో ఆఫీసరుగా చేసి రిటైరయ్యాడు. సెక్టర్ ఆరులో క్వార్టరు ఇంకా వదల్లేదు. గీతలు ఎవరు గీస్తున్నారో అతనికి తెలుసు. తెలిసినట్టు ఎప్పుడూ మాట్లాడలేదు. గున్నమ్మ రెండుసార్లు అడిగితే రెండుసార్లూ ఆకాశం వైపు చూశాడు. మూడోసారి అడిగేసరికి అతనికీ ఒక అవసరం పడింది.

క్లబ్బు టీము ఆ ఏడాది రాష్ట్ర లీగులోకి వెళ్ళింది. సొంత మైదానంలో ఆడాలంటే లీగువాళ్ళు ముందు మైదానాన్ని ఒప్పుకోవాలి. మొదటి మ్యాచికి అబ్జర్వరు వస్తాడు. చూసి బాగుందంటే ఇదే ఇల్లు. బాగాలేదంటే సొంత మ్యాచులు కూడా రాయపూర్ వెళ్ళి ఆడుకోవాలి.

"చూడు గున్నమ్మా, ఈ ఒక్క మ్యాచి గట్టెక్కించు. గ్రౌండు పాసైందా, నీ పేరు కమిటీలో నేనే పెడతాను" అన్నాడు లక్ష్మీప్రసాద్.

"పెడతారా బాబూ?"

"పెడతానన్నాను కదా. ఒకటి మాత్రం గుర్తుంచుకో. సున్నం వాడకూడదట. ఆటగాళ్ళ కళ్ళలో పడితే ప్రమాదం అంటున్నారు. రాయపూర్ నుంచి చాక్ పౌడర్ తెప్పిస్తున్నాను."

చాక్ పౌడర్ రాలేదు. మ్యాచికి ముందురోజు మధ్యాహ్నం దాకా చూసి గున్నమ్మ ఫోను చేసింది.

"బస్తా రానేదు బాబూ. ఏటి సెయ్యమంటారు?"

"ఏదో ఒకటి చూడమ్మా. తెల్లగా ఉండాలి. కళ్ళలో పడినా ఏమీ కాకూడదు. సున్నం వద్దంతే" అని పెట్టేశాడు.

తెల్లగా ఉండి, కళ్ళలో పడినా నోట్లో పడినా ఏమీ కానిది ఏమిటని గున్నమ్మ ఆలోచించింది. ఎక్కువసేపు పట్టలేదు. మామూలు రోజుల్లో వాకిట్లో రాతిపిండితో ముగ్గు పెడతారు. శుభకార్యమైతే బియ్యప్పిండితో పెడతారు. రేపటిది శుభకార్యమే. బియ్యానికి లోటు లేదు. ఆ చుట్టుపక్కల ఏ ఇంటికి వెళ్ళినా రేషను బియ్యం తిన్నంత తినగా మిగిలే ఉంటాయి.

పక్క వీధిలో ఉండే భాగ్యరేఖ వడియాల జట్టుకి పెద్ద. ఆవిడ భర్త ప్లాంటులో క్రేను నడుపుతాడు. గున్నమ్మ వెళ్ళి ఆవిడకి సంగతి చెప్పింది.

"ఫుట్‌బాల్‌కి బియ్యప్పిండా అక్కా?"

"అయితే ఏటి? సీమలు తింటే పున్నెం."

"పుణ్యం సరే. మైదానం అంతా ముగ్గంటే మాటలా? ఎన్ని బియ్యం కావాలి!"

"అందుకే గదా నీకాడికొచ్చినాను."

భాగ్యరేఖ నలుగురికి చెప్పింది. సాయంత్రానికి పిండి చక్కీ ముందు గున్నమ్మ తెచ్చిన గోనెలు వరసగా నిలబడ్డాయి. పిండి పట్టే మనిషి ఛత్తీస్‌గఢీవాడు. "ఏం దీదీ, ఎవరి పెళ్ళి?" అని అడిగాడు. "స్టేడియానికి" అంది గున్నమ్మ. అతను తల ఊపి మర తిప్పాడు.

మ్యాచి రోజున చీకటితోనే గీసింది. జీవితంలో అంత మంచి గీతలు ఆమె గీయలేదు. సున్నం కాదు కాబట్టి చేతులు మండలేదు. పిండి వేళ్ళ మధ్య నుంచి పలచగా, సమంగా జారింది. రెండు పెనాల్టీ బాక్సులు, నడిమి గీత, సెంటర్ సర్కిల్, నాలుగు మూలలు. సర్కిల్ మధ్య చుక్క పెట్టినప్పుడు పక్కన ఒక పద్మం వేయాలనిపించింది. వేయలేదు. వెలుతురు వచ్చాక బలరాం కుర్చీలో కూర్చుని చూసి, "బాగానే గీసినాను" అన్నాడు. గున్నమ్మ నవ్వింది. అతనూ నవ్వాడు.

ఇంటి ముందు బియ్యప్పిండి ముగ్గు పెడితే చీమలు వస్తాయి. ఎప్పుడైనా ఒక పిచ్చుక వస్తుంది. గున్నమ్మ లెక్క అంతవరకే. నడిచేవాళ్ళలో కొందరు పుణ్యం కోసం రోజూ పొద్దున్నే ఆ మైదానంలో జొన్నలు చల్లుతారని ఆమెకి తెలుసు. గ్యాలరీ కప్పు కింద పావురాలు కాపురాలు పెట్టింది అందుకేననీ తెలుసు. ఈ రెండూ తెలిసి కూడా, మూడో సంగతి తట్టలేదు.

పావురాలు ముందు జొన్నలు తిన్నాయి. తర్వాత ఒకటి నడుచుకుంటూ వెళ్ళి కార్నర్‌ని పొడిచి చూసింది. కాసేపు ఆలోచించింది. మళ్ళీ పొడిచింది. ఆ తర్వాత అన్నీ వచ్చాయి.

గున్నమ్మ అన్నం వండుకుని బయటికొచ్చేసరికి తూర్పు మూల లేదు. గోరింకలు సెంటర్ సర్కిల్‌లో ఉన్నాయి. ఉడతలు రెండు చేతులతో పెనాల్టీ చుక్కని తింటున్నాయి. వంగి చూస్తే నడిమి గీత మెల్లగా కదులుతోంది. చీమలు దాన్ని రేణువు రేణువుగా తమ ఇంటికి మోసుకుపోతున్నాయి.

"ఓలమ్మో" అంది గున్నమ్మ.

"ఏటైందే?" అన్నాడు బలరాం కుర్చీలోంచి.

"గీత తినేస్తన్నాయి."

"ఎవులు?"

"ఎవులేటి! అందరూనూ."

ఆమె మిగిలిన పిండి పట్టుకుని ఒక మూల పూడ్చేసరికి ఇంకో మూల పోయేది. భాగ్యరేఖకి కబురు పెట్టింది. వడియాల ఆడవాళ్ళు కర్రలు పట్టుకుని వచ్చారు. డిసెంబరులో ఆ కర్రలతో రావడం వాళ్ళకి అదే మొదటిసారి. గీతల వెంబడి నిలబడి "హుష్షో" అన్నారు. పావురాలు లేచి గ్యాలరీ మీద కూర్చుని ఓపిగ్గా చూశాయి.

అబ్జర్వరు బిలాస్‌పూర్ నుంచి వచ్చాడు. నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న పెద్దమనిషి. షామియానా కింద కూర్చుని మైదానం చుట్టూ కర్రలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళని చూశాడు.

"వీళ్ళెవరు?" అని హిందీలో అడిగాడు.

"వాలంటీర్లు సార్" అన్నాడు లక్ష్మీప్రసాద్. అతను అప్పటికే వంగి గీతని వేలితో తాకి, వాసన చూసి, వచ్చి కూర్చున్నాడు.

మ్యాచి మొదలయ్యింది. బంతి ఒక వైపు ఉన్నంతసేపు పావురాలు రెండో వైపు దిగేవి. ఆట అటు మళ్ళితే పావురాలు ఇటు మళ్ళేవి. ఆట నడుస్తుండగా ఆడవాళ్ళు లోపలికి వెళ్ళకూడదని రిఫరీ చెప్పాడు. పావురాలకి ఆ రూలు లేదు. హాఫ్ టైములో గున్నమ్మ గోనె దులిపి ఉన్నదంతా వాడేసింది. ఇక పిండి లేదు.

రెండు టీములూ గోలు కొట్టలేదు. సున్నాకి సున్నా అయినా క్లబ్బువాళ్ళు సంతోషంగానే ఉన్నారు. వచ్చిన టీము పెద్దది. ఆట అయిపోవచ్చేవేళకి ఆ టీము మనిషి ఒకడు బంతి తీసుకుని దూసుకొచ్చాడు. క్లబ్బు డిఫెండరు శరత్ నేల మీద జారుకుంటూ వెళ్ళి అతని కాళ్ళు లాగేశాడు. ఇద్దరూ పడ్డారు. రిఫరీ ఈల వేశాడు. పరుగెత్తుకొచ్చి చెయ్యి ఎత్తాడు. ఎత్తిన చేతిని ఎటు చూపించాలో తెలియక కిందికి చూశాడు.

గీత లేదు.

తప్పు బాక్సు లోపల జరిగితే పెనాల్టీ. అంటే గోలే. బయట జరిగితే ఫ్రీ కిక్కు. దాన్ని ఆపుకోవచ్చు. లోపలా బయటా అని చెప్పాల్సింది పావురాల కడుపులో ఉంది.

వచ్చినవాళ్ళు బూటుతో ఒక గీత గీసి "ఇదే" అన్నారు. క్లబ్బువాళ్ళు గోలు దగ్గరగా ఇంకో గీత గీసి "ఇదే" అన్నారు. రిఫరీ రెండు గీతలూ చూసి, మైదానం చూసుకునే మనిషిని పిలవమన్నాడు.

బలరాం నడుం మీద చెయ్యి పెట్టుకుని నెమ్మదిగా వచ్చాడు. అతను రావడానికి పట్టిన సమయంలో రెండు టీములూ నీళ్ళు తాగేశాయి.

"గీత ఎక్కడుండేది?" అని రిఫరీ అడిగాడు.

బలరాం నేలని చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ నేల మీద అతను గీత గీసి ఏళ్ళయింది. "ఇక్కడే ఎక్కడో" అన్నాడు హిందీలో.

గ్యాలరీలో నవ్వారు. "చాచా, అడ్రసు సరిగ్గా చెప్పు!" అని ఎవరో అరిచారు. బలరాం ఆ వైపు చూడలేదు. షామియానా వైపు చూశాడు, లక్ష్మీప్రసాద్ తల దించుకున్నాడు. అప్పుడు బలరాం గది వైపు తిరిగి, మైదానమంతా వినబడేలా పిలిచాడు.

"గున్నా! ఇలగ్రా. గీసింది నువ్వు కదా, నువ్వే సెప్పు."

నడిచే పెద్దమనుషులు కొందరు గ్యాలరీలోనే ఉన్నారు. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

గున్నమ్మ కొంగు దోపుకుని వచ్చింది. వస్తూ షామియానా పక్క నుంచి వచ్చింది. లక్ష్మీప్రసాద్ గొంతు తగ్గించి తెలుగులో అన్నాడు. "బయట అను. నీ పేరు సంగతి నేను చూసుకుంటాను."

ఆమె ఆగలేదు. రిఫరీ చూపించిన చోట గొంతుక్కూర్చుంది. శరత్ జారిన చోట గడ్డి లేచి, మట్టి మీద బూటు చార పడింది. పిండి ఎక్కడా లేదు. ఆమెకి కూడా ఏమీ తెలియలేదు. బయట అనడానికి నోరు తెరిచింది. అప్పుడు చీమలు కనిపించాయి.

చిన్న నల్ల చీమలు. పావురాలు వదిలేసిన పొడిని, మట్టిలో కలిసిపోయి మనిషి కంటికి ఆననిదాన్ని, ఏరుకుంటున్నాయి. పక్కలకి పోవడం లేదు. ఒకే వరసలో, తాడు పట్టినట్టు, ఈ మూల నుంచి ఆ మూల దాకా ఉన్నాయి. వరస బూటు చారకి బయటి వైపు ఉంది. జానెడు కూడా ఉండదు. కానీ బయటి వైపే ఉంది. అంటే తప్పు జరిగింది బాక్సు లోపల.

శరత్ వంగి చూశాడు. భిలాయిలోనే పుట్టినవాడు. తెలుగు అతని నోట్లో హిందీ యాసతో వస్తుంది. "చాచీ, అంత ఏం చూస్తున్నావ్? మేం నీ వాళ్ళం కదా."

"నువ్వు నా వోడివే నాయనా" అంది గున్నమ్మ. "సీమలు నా వోళ్ళు కావు."

రిఫరీకి వేలుతో చూపించింది. అతను మోకాళ్ళ మీద కూర్చున్నాడు. లైన్స్‌మన్ వచ్చి కూర్చున్నాడు. అబ్జర్వరు షామియానా కింద నుంచి లేచి వచ్చి, నల్లకళ్ళద్దాలు తీసి, వంగాడు. రెండు టీముల ఆటగాళ్ళు వంగారు. కాసేపు అందరూ చీమల్ని చూశారు. ఎవరూ వాదించలేదు.

పెనాల్టీ ఇచ్చారు. గోలీ మనోజ్‌కుమార్ కుడివైపు దూకాడు. బంతి ఎడమవైపు వెళ్ళింది. నవచేతన్ క్లబ్బు ఒక్క గోలుతో ఓడిపోయింది.

అబ్జర్వరు సమోసా తిని, టీ తాగి, మైదానం పాసైందన్నాడు. మిగతా ఊళ్ళ మైదానాలు ఇంతకంటే అన్యాయంగా ఉండి ఉంటాయి. ఇకనుంచి గీతలు పక్షులు తినని దానితో గీయాలని షరతు పెట్టాడు. వెళ్తూ, "ఇక్కడ గ్రౌండు చూసుకునేది ఎవరు? ఆయనా, ఆవిడా?" అని అడిగాడు. "ఫ్యామిలీ సార్" అన్నాడు లక్ష్మీప్రసాద్.

సాయంత్రం లక్ష్మీప్రసాద్ గదికి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు. బలరాం మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"జానెడు గున్నమ్మా. జానెడు! బయట అంటే ఎవడు కాదనేవాడు?"

"సీమలున్నాయి కదా బాబూ."

"చీమలొచ్చి కమిటీలో చెప్తాయా?"

"గ్రౌండు పాసైందా నేదా?"

"అయింది."

"మరి నా పేరు?"

లక్ష్మీప్రసాద్ గోడ మీది క్యాలెండరు చూశాడు. "కమిటీలో ఒక్కొక్కడూ మండిపోతున్నాడు. మన మైదానం, మన మనిషి, పెనాల్టీ వాళ్ళకా అని. ఇప్పుడు నీ పేరెత్తితే నన్ను కొడతారు. ఎండాకాలం దాకా బలరాం పేరు ఎలాగూ ఉంది. అప్పటికి అందరూ మర్చిపోతారు. అప్పుడు చూద్దాం."

"అప్పుడు గది ఖాళీ సెయ్యమంటారు."

"అప్పుడు చూద్దామన్నానుగా. ఎల్లుండి స్కూలు పిల్లల ఆటలున్నాయి. రేపు పరుగు పందేల గీతలు గీసేయండి. మామూలుగానే, తెల్లారకముందు."

మంచం కిర్రుమంది. బలరాం రెండు చేతులతో పట్టీ పట్టుకుని లేచి కూర్చున్నాడు.

"బాబూ, నా పేరు తీసేయండి" అన్నాడు.

"ఏమిటి?"

"గీసేది నాను కాదని ఊరంతా సూసినారు. ఇంక డబ్బా అట్టుకుని ఏ మొకంతో కూకోను? నాను మానేసినాను. మీ కమిటీకి అదే సెప్పండి."

"బలరాం, మానేస్తే గది పోతుందయ్యా. ఎండాకాలం దాకా ఆగకుండా రేపే పోతుంది."

"ఎల్లుండి పిల్లల ఆటలన్నారు కదా" అన్నాడు బలరాం. "వంపుకాడ గీత తిరగాల. మీరు గియ్యండి. కాదంటే ఆ కాంట్రాక్టరుని రమ్మనండి." అని మళ్ళీ గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

లక్ష్మీప్రసాద్ గున్నమ్మ వైపు చూశాడు. "కోపంలో ఉన్నాడు. నువ్వు నచ్చజెప్పు" అని వెళ్ళిపోయాడు.

గున్నమ్మ పొయ్యి వెలిగించింది. అన్నం పెట్టి పిలిస్తే బలరాం లేచి తిన్నాడు.

"ఉజ్జోగం మానేసినావు. నాతో ఒక ముక్క సెప్పనేదు" అంది.

"నువ్వూ సెప్పనేదు కదా, లోపలంటావని."

"అక్కడికెల్లాక తెలిసింది."

"నాకూనూ" అన్నాడు బలరాం. పచ్చిమిరపకాయ అడిగాడు. ఇచ్చింది.

మర్నాడు తెల్లారకముందే గున్నమ్మకి మెలకువ వచ్చింది. లేవలేదు. వెలుతురు వచ్చేదాకా పడుకుంది. నడిచేవాళ్ళ మాటలు వినిపించాయి. గీతలు లేవేమిటని అడుగుతున్నారు. లేచి తలస్నానం చేసింది. పెట్టెలోంచి పట్టంచు చీర తీసి కట్టుకుంది. మైదానం మధ్య నుంచి కాకుండా గేటు నుంచి బయటికి వెళ్ళి, సెక్టర్ ఆరుకి ఆటో ఎక్కింది.

లక్ష్మీప్రసాద్ నోట్లో బ్రష్షుతో వరండాలోకి వచ్చాడు. ఆమెనీ, చీరనీ చూశాడు. నోరు కడుక్కుని వచ్చాడు.

"గీతలు అయిపోయాయా?"

"నేదు బాబూ."

"మరి ఇలా వచ్చావేం?"

"మీ స్టేడియంలో గ్రౌండు పని కాళీ అయిందని తెలిసింది" అంది గున్నమ్మ. "నాకిస్తారేటని అడగడానికొచ్చినాను."

లక్ష్మీప్రసాద్ ఆకాశం వైపు చూడబోతే వరండా కప్పు అడ్డొచ్చింది. లోపల అతని భార్య ఎవరొచ్చారని అడిగింది. వరండాలో రెండు కుర్చీలున్నాయి. గున్నమ్మ ఒకదాంట్లో కూర్చుంది.